బల్లలో కాపురం

మేస్త్రికి చెవుడు వచ్చిందన్న సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది మేస్త్రికే. లోకమంతా గొణగడం మొదలుపెట్టిందని ఆయన చాలాకాలం విసుక్కున్నాడు. కుర్చీలు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు గొణుగుతున్నారు, రేడియో గొణుగుతోంది, ఆఖరికి ఎదురింటి కుక్క కూడా నోట్లో నోట్లోనే మొరుగుతోంది. చివరికి చెవుల డాక్టరు దగ్గర తేలిందేమిటంటే, లోపల ఉండే చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోయి, బయటి చప్పుడు లోపలికి వెళ్లే దారి మూసుకుపోయింది. డాక్టరు ఒక మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే పెళ్లాం మాటకంటే వీధిలో పోయే స్కూటర్లే బాగా వినిపిస్తున్నాయని మేస్త్రి దాన్ని మేకుల డబ్బాలో పడేశాడు. ఆ డబ్బాలో పడ్డ వస్తువు మళ్లీ వెలుగు చూసిన దాఖలా ఆ ఇంట్లో లేదు.

ఆయన భార్యను చుట్టుపక్కల అందరూ పాలిషమ్మ అంటారు. ముందుగదిలో వడ్రంగం కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన చేసిన ప్రతి కుర్చీకీ బీరువాకీ గరుకు కాగితం పట్టి, గుడ్డముక్కతో పాలిష్ ఎక్కించేది ఆవిడే. ఒక్క నిమిషం కుదురుగా కూర్చునే మనిషి కాదు. గొంతు మొదటినుంచీ పెద్దదే. మొగుడికి చెవుడు వచ్చాక గొంతు ఇంకా పెద్దదైంది, మాటలు మాత్రం తగ్గిపోయాయి. ఈ రెండూ ఒకచోట ఎలా కుదురుతాయని ఎవరికైనా అనుమానం వస్తే, వాళ్లు చెవిటివాడితో కాపురం చేసి ఎరగరన్నమాట.

"భోజనానికి రా" అని అరవొచ్చు. "గ్యాసు అయిపోయింది" అని అరవొచ్చు. కానీ "ఆ కుర్చీ వీపు భలే వంచావయ్యా" అని అరుస్తారా? "రాత్రి కలలో మా నాన్న వచ్చాడు" అని అరుస్తారా? చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టుకుంటే ఆ మాట వీధంతా వినేలా చెప్పడం ఎలా? పైగా అరిచేసరికి మాటలో ఉన్న ముద్దు కాస్తా ఆవిరైపోయి, తిట్టినట్టు వినిపిస్తుంది. అందుకని పాలిషమ్మ పెద్ద మాటలు అరవడం, చిన్న మాటలు మింగడం అలవాటు చేసుకుంది. రోజుకి ఎన్ని మింగేదో ఆవిడకే తెలియదు.

వంటింట్లో ఒక పెద్ద దేవదారు బల్ల ఉంది. పెళ్లైన కొత్తలో, ఇంకా చాప మీద కూర్చుని తినే రోజుల్లో, మేస్త్రి తన ఇంటికోసం చేసుకున్న మొదటి వస్తువు అది. కూతురికంటే ఏడాది పెద్దది. అందుకే మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని పెద్దమ్మాయి అంటారు, ఉన్న ఒక్కగానొక్క కూతుర్ని చిన్నమ్మాయి అంటారు. "పెద్దమ్మాయి మీద వేడిగిన్నె పెట్టకు" అంటే కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు గానీ ఇంట్లోవాళ్లకి అది మామూలే. ఒక మూల చిన్నమ్మాయి చిన్నప్పుడు వేడి ఇస్త్రీపెట్టె పెట్టి పాలిషమ్మ చేత చీవాట్లు తిన్న మచ్చ ఉంది. ఏటా పాలిష్ ఎక్కుతూ ఎక్కుతూ ఆ మచ్చ కూడా ఇప్పుడు తేనెరంగులో కలిసిపోయింది.

ఒకరోజు ఉదయం ఆ బల్ల దగ్గర టీ తాగుతూ మేస్త్రి చెవి మీది పెన్సిలు తీశాడు. వడ్రంగుల పెన్సిలు, బల్లపరుపుగా ఉండేది. ఒక కొస పళ్ల మధ్య బిగించి, రెండో కొస బల్లకి ఆనించాడు. ఇది ఆయనకి పని నేర్పిన గురువు అలవాటు. పెన్సిలు కరిచిపట్టి చెక్కకి ఆనిస్తే ఎక్కడ జాయింటు వదులైందో, ఎక్కడ డొల్లపడిందో పళ్లకి తెలిసిపోతుంది. చప్పుడు చెవితో పని లేకుండా తల ఎముకల గుండా నేరుగా లోపలికి పోతుంది. చెవులు బాగున్న రోజుల్లో ఆయన దీన్ని ఎప్పుడో గాని వాడేవాడు కాదు. ఇప్పుడు అదే ఆయన చెవి.

చాలాసేపు అలాగే కూర్చుని, పెన్సిలు తీసి, "పెద్దమ్మాయిలో పురుగుంది" అన్నాడు.

పాలిషమ్మ చేతిలో పని వదిలేసింది. ఎందుకంటే పురుగు విషయంలో మేస్త్రికి ఒక నియమం ఉంది. పుచ్చుపట్టిన చెక్క ఆయన కప్పు కింద పూట కూడా ఉండటానికి వీల్లేదు. పుచ్చు ఒక చెక్కతో ఆగదు, కొట్లో ఉన్న సరుకంతా తొలిచి పిండి చేస్తుంది. ఇక అక్కణ్నుంచి ఇంటింటికీ కుర్చీతోపాటు పురుగునీ అమ్మినట్టే. ఒకసారి ఎవరో బాగుచేయమని తెచ్చిన మంచంలో పుచ్చు కనిపిస్తే, వాళ్లు లబోదిబోమంటున్నా వినకుండా ముక్కలు కోసి పొయ్యిలో పెట్టి, బదులు కొత్త మంచం చేసిచ్చిన మనిషి ఆయన.

ఆవిడ బల్లంతా వెతికింది. కింద దూరి చూసింది. చిల్లు లేదు, పొట్టు రాలలేదు. చెవి ఆనించి వింది. ఏమీ లేదు.

"ఏమీ లేదయ్యా" అని అరిచింది.

"నువ్వు అటూ ఇటూ తిరుగుతుంటే ఎందుకు వినబడుతుంది? అడుగుల చప్పుడైతే అది ఆగిపోతుంది" అన్నాడాయన. "ఇవాళ సాయంత్రం కోసేస్తాను."

సాయంత్రం రంపం తెచ్చాడు. ఆకురాయి పెట్టి పళ్లకి పదును పట్టాడు. తర్వాత పెన్సిలు కరుచుకుని, కళ్లు మూసుకుని, టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాడు. లేచి, "రేపు కోస్తాను" అని రంపం తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కోస్తానన్న మాట మర్చిపోతున్నాడా, మర్చిపోయిన సంగతి కూడా మర్చిపోతున్నాడా అని పాలిషమ్మకి దిగులు పట్టుకుంది.

తల్లి ఫోనులో సంగతి చెబితే ఆదివారం చిన్నమ్మాయి వచ్చింది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. ఏ పనైనా హారన్ కొట్టినంత ఠక్కున చేసే మనిషి. వస్తూనే బల్లకి చెవి ఆనించి, అరనిమిషం విని, లేచింది.

"నాన్నా, ఏమీ లేదు" అని గట్టిగా చెప్పింది.

"మనుషులొస్తే దానికి తెలిసిపోతుందమ్మా" అన్నాడు మేస్త్రి. "అందరూ వెళ్లిపోయాక మొదలుపెడుతుంది."

తల్లీ కూతురూ మొహమొహాలు చూసుకున్నారు. చిన్నమ్మాయి తల్లిని పక్కగదిలోకి తీసుకెళ్లింది.

"అమ్మా, నేను చెప్పేది విని కంగారుపడకు. మా అత్తగారికి మతిమరుపు ఇలాగే మొదలైంది. గోడలో ఎవరో మాట్లాడుకుంటున్నారనేది. మేం వెళ్తే ఆపేస్తారనేది. అచ్చం ఇవే మాటలు."

"మీ నాన్నకి అలాంటిదేం లేదు."

"చొక్కా గుండీలు చూశావా? ఒకటి తప్పించి పెట్టుకున్నాడు."

"ఎప్పుడు సరిగ్గా పెట్టుకున్నాడు గనక? మా పెళ్లి ఫోటోలో చూడు, అప్పుడూ అంతే."

చిన్నమ్మాయి నవ్వలేదు. "వచ్చే శనివారం డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. అప్పటిదాకా కొట్లో కోత మిషను స్విచ్చి తీయించి నీ దగ్గర పెట్టుకో. లేనిపోని చప్పుళ్లు వింటూ మిషను ముందు నిలబడితే వేళ్లు పోతాయి. డాక్టరు వద్దంటే కొట్టు మూసేద్దాం. నాకు మాత్రం సంతోషమా చెప్పు?" అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ పిల్లకి తండ్రంటే ప్రాణం. అందుకే అంత తొందర.

కూతురు వెళ్లాక పాలిషమ్మ వంటింట్లో కూలబడింది. ఆవిడకి వచ్చిన చిక్కు పగవాళ్లకి కూడా రాకూడదు. బల్లలో పురుగు లేకపోతే మొగుడికి మతి తప్పుతున్నట్టు. పురుగు ఉంటే మొగుడు నిక్షేపంలా ఉన్నట్టు, కానీ బల్ల పొయ్యిలోకి పోతుంది. పెద్దమ్మాయి కావాలా, దాన్ని చేసినవాడు కావాలా అని ఎవరో కూర్చోబెట్టి అడుగుతున్నట్టుంది. అడిగితే చెప్పడానికి ఆవిడకి ఒక్క క్షణం చాలు. పురుగే ఉండాలి. ఇంతకాలం గుడ్డతో తుడిచి తుడిచి మెరిపించిన బల్లలో పురుగు ఉండాలని కోరుకుంటున్నందుకు ఆవిడకి ఏడుపొచ్చింది.

ఎవరూ చూడకుండా తనూ ఒక పెన్సిలు కరిచిపట్టి బల్లకి ఆనించింది. కటకటమని చప్పుడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే కొట్టుకుంటున్నవి తన కట్టుడుపళ్లు.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన ముందురోజు మధ్యాహ్నం మేస్త్రి క్షవరానికి వెళ్లాడు. పాలిషమ్మ ఒక్కతే భోంచేసి, పళ్లసెట్టు కడిగి గ్లాసులో వేసి, బల్ల దగ్గర కూర్చుంది. కోత మిషను స్విచ్చి ఆవిడ కొంగుకి ముడివేసి ఉంది. అది కనబడక మేస్త్రి మూడు రోజులుగా కొట్టంతా వెతుకుతున్నాడు, ఆవిడ ఏమీ ఎరగనట్టు తనూ వెతుకుతోంది. ఆ సంగతి తలుచుకుని ఆవిడ బల్ల మీద చెంప ఆనించి, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఓపిక అయిపోయి, లేచే పని కూడా గుర్తురాక అలాగే పడి ఉంది. ఆవిడ అంతసేపు కదలకుండా ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

కర్... కర్... కర్...

ఎవరో తీరిగ్గా బిస్కెట్టు కొరుకుతున్నట్టుంది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. సరిగ్గా ఆవిడ చెంప కింద, చెక్క లోపల, ఎవరో తమ పని తాము చేసుకుంటున్నారు.

పాలిషమ్మ చటుక్కున లేచి కూతురికి ఫోను చేసింది.

"ఉందే! ఫురుగుందే! ఫళ్లూ ఉన్నాయే దానికి!"

"అమ్మా?" అంది చిన్నమ్మాయి భయంగా. "ఏమైందమ్మా? నువ్వు కూడానా?"

"ఫురుగే, ఫురుగు!"

"అమ్మా, ముందు పళ్లు పెట్టుకుని మాట్లాడు."

చిన్నమ్మాయి బస్సు డిపోలో వదిలేసి పరుగెత్తుకొచ్చేసరికి, మేస్త్రి కూడా నున్నగా గీయించుకుని ఇంటికొచ్చాడు. పాలిషమ్మ ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ఇద్దర్నీ రెక్క పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టి, చెంపలు ఆనించమంది. తనూ ఆనించింది. మేస్త్రికి పెన్సిలుంది. ముగ్గురూ ఆ బల్ల మీద వాలి, గాలి కూడా పీల్చకుండా ఉండిపోయారు. ఆ సమయంలో ఎవరైనా కుర్చీ బేరానికి వచ్చుంటే గుమ్మం నుంచే పారిపోయేవారు.

కర్... కర్... కర్...

చిన్నమ్మాయి తలెత్తి తండ్రి వంక చూసింది. ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్పలేదూ" అన్నాడు మేస్త్రి. ఆ మాటలో గెలిచిన సంతోషం ఏమీ లేదు. లేచి వెళ్లి రంపం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాలిషమ్మ ఇద్దరిలో ఒకర్ని కోరుకుంది. కోరుకున్నది దక్కింది. ఇక రెండోదాని వంతు.

కానీ ఆయన రంపం ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"ఏమయ్యా" అని ఆవిడే అరిచింది, ఇక ఉండబట్టలేక. "కోసేవాడివైతే కొయ్యి. రోజూ పదును పట్టి రోజూ రేపంటావేం?"

మేస్త్రి చేతిలో పెన్సిలు అటూ ఇటూ తిప్పాడు.

"ఈ ఇంట్లో నాకు సరిగ్గా వినబడేది అదొక్కటేనే" అన్నాడు. "మీరందరూ నోళ్లు కదుపుతారు. ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. ఇది మాత్రం నా పక్కనే కూర్చున్నట్టు వినబడుతుంది. రేపు కోద్దాం, ఇవాళొక్కరోజు విందాం అనుకుంటాను. తప్పేలే. పుచ్చు పుచ్చే. రేపు కోసేస్తాను."

పాలిషమ్మ కొంగుముడి విప్పి, మిషను స్విచ్చి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "ఇది నీ దగ్గరుందా? మరి నాతోపాటు మంచం కింద దూరి వెతికావేం?" అన్నాడు. చిన్నమ్మాయి బయటికి వెళ్లి, డాక్టరుకి ఫోను చేసి రావడం లేదని చెప్పింది.

ఆ రేపు రాకుండానే వారం గడిచింది. మళ్లీ ఆదివారం వచ్చింది. ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది, ముగ్గురూ టీ తాగుతున్నారు. పాలిషమ్మ ఎప్పుడూ కూర్చునే చోట, గ్లాసు పక్కన, పాలిష్ చిట్లింది. చిన్న పెచ్చు లేచి పక్కకి పడింది. అందులోంచి ఒక తల, తల వెనకాల రెండు కాళ్లు బయటికొచ్చాయి. అక్కడ కాసేపు ఇరుక్కుని, గింజుకుని, మొత్తానికి దేహమంతా లాక్కుని బల్ల మీద నిలబడింది.

పుచ్చుపురుగంటే ఆవగింజంత మట్టిరంగు జీవి. ఇది బొటనవేలి గోరుకంటే పొడుగ్గా ఉంది. నల్లటి ఆకుపచ్చ ఒళ్లు, ఎండ తగిలినచోట రాగి చెంబులా తళతళ. వీపు మీద రెండు వరసల్లో పసుప్పచ్చటి చుక్కలు. పాలిషమ్మ కళ్లప్పగించి చూసింది. తన జన్మంతా పాలిష్ పట్టినా ఒక్క కుర్చీకి అంత మెరుపు తేలేకపోయింది మరి.

మేస్త్రి కళ్లజోడు సవరించుకుని ముందు చిల్లు చూశాడు. "గుండ్రంగా లేదు. కోలగా ఉంది" అన్నాడు. సూదితో లోపల కదిపాడు. "పొట్టు కూడా పిండిలా రాలట్లేదు, కూరినట్టు గట్టిగా ఉంది. ఇది పుచ్చు కాదు. ఇదేమిటో నాకు తెలియదు." చెక్క గురించి తెలియదన్న మాట ఆయన నోట రావడం అరుదు. చిన్నమ్మాయి ఫోనులో వెతికి, బొమ్మలు ఒక్కొక్కటీ పురుగు పక్కన పెట్టి పోల్చి చూసి, దొరికిందంది.

"నాన్నా, ఇది బంగారు పురుగుల జాతి" అని గట్టిగా, నెమ్మదిగా చదివి చెప్పింది. "అడవిలో, చెట్టుగా ఉన్నప్పుడో అప్పుడే కొట్టేసినప్పుడో బెరడు సందులో గుడ్డు పెడతాయిట. మామూలుగా కొన్నేళ్లలో పెరిగి ఎగిరిపోతాయిట. చెట్టుని కోసి సామాను చేసేస్తే, ఎండిన చెక్కలో తిండి చాలక లోపలున్నది చాలా నెమ్మదిగా పెరుగుతుందిట. కొన్ని పదుల ఏళ్ల తర్వాత కూడా బయటికొస్తాయిట. బయటికొచ్చాక ఇలాంటి ఎండు చెక్కలో మళ్లీ గుడ్డు పెట్టవు. కొట్లో సరుకుకి భయం లేదు."

మేస్త్రికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నోరు తెరిచాడు.

"అయితే నేను దీనికి చిత్రిక పట్టినప్పుడే లోపలుందా?"

"ఉంది."

"ఇంకొక్క పొర లేపి ఉంటే పోయేది" అన్నాడు మెల్లగా, తన చేతులకేసి చూసుకుంటూ.

పాలిషమ్మ లెక్క వేసుకుంది. చాప మీంచి బల్ల మీదికి మారిన రోజున ఇది లోపలుంది. చిన్నమ్మాయి పాలు ఒలకబోసినప్పుడు ఉంది. ఇస్త్రీపెట్టె మచ్చ పడినప్పుడు ఉంది. వాళ్లిద్దరూ పోట్లాడుకుని రెండ్రోజులు ఈ కొసనొకరూ ఆ కొసనొకరూ కూర్చుని తిన్నప్పుడు మధ్యలో ఇదే ఉంది. ఇల్లంతా చూసిన పెద్దమనిషి వచ్చినట్టు ఆవిడ పైట సర్దుకుంది.

పురుగు బల్ల కొసదాకా నడిచింది. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టి, పడిపోకుండా వేలి మీదికి ఎక్కించుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. అది ఎండలో కాసేపు ఒళ్లు కాచుకుని, వీపు మీది చుక్కల రెక్కలు రెండూ విప్పి, కిందనున్న పల్చటి రెక్కలతో ఎగిరిపోయింది.

"ఇంతకాలం అద్దె కట్టకుండా ఉండి, పోయేటప్పుడు వెళ్లొస్తానని కూడా అనలేదు చూడు" అంది పాలిషమ్మ. చిన్నమ్మాయి నవ్వింది. మేస్త్రికి వినబడలేదు. ఆయన కిటికీ దగ్గరే ఉన్నాడు.

మర్నాడు ఉదయం టీ తాగుతూ మేస్త్రి చెవి మీది పెన్సిలు తీశాడు. కరిచిపట్టి బల్లకి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు. పెన్సిలు తీసి, తుడిచి, చెవి మీద పెట్టుకున్నాడు. రంపం తీసుకెళ్లి కొట్లో మేకుకి తగిలించి, తిరిగొచ్చేటప్పుడు గిన్నెలో లప్పం కలుపుకొచ్చాడు, చిల్లు పూడ్చడానికి. చొక్కా గుండీలు ఎప్పటిలాగే ఒకటి తప్పి, కాలరు ఒక పక్కకి లేచి ఉంది. పాలిషమ్మ ఆయన మొహం వంక చూసింది. ఊరు వెళ్లిన స్నేహితుడి ఇంటి ముందు నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

ఆవిడ లేచి లప్పం గిన్నె లాగేసి పక్కన పెట్టింది. పని ఆపించినందుకు ఆయన కసురుకోబోయాడు. ఆవిడ ఆయన చెవి మీది పెన్సిలు తీసి నోటికి అందించి, చిల్లుకి ఇవతల ఆనించమని వేలితో చూపించింది. ఏమీ లేదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కళ్లెర్రజేసింది. ఆ కళ్లు ఆయనకి బాగానే వినిపిస్తాయి. పెన్సిలు కరిచిపట్టి ఆనించాడు.

పాలిషమ్మ చిల్లుకి అవతల కూర్చుని, వంగి, గడ్డాన్ని బల్లకి గట్టిగా అదిమి పెట్టింది. ఏం చెప్పాలా అనుకుంది. మింగిన మాటలు ఎన్నో ఉన్నాయి. ముందు నోటికి వచ్చింది మాత్రం ఇదే. అరవలేదు. పక్కన పడుకున్న మనిషితో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నావు."

మేస్త్రి చెయ్యి మెల్లగా పైకి లేచి, చొక్కా మీద వెతుక్కుంటూ కాలరు దగ్గర ఆగింది. పై గుండీ విప్పాడు. కిందివి విప్పాడు. ఒక్కొక్కటీ దాని కన్నంలో దాన్ని పెట్టుకుంటూ వచ్చాడు. అంతసేపూ పెన్సిలు పళ్ల మధ్యనే ఉంది, బల్ల మీంచి కొస లేవలేదు. కళ్లలో నీళ్లు గడ్డం మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

ఆఖరి గుండీ పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంకా అన్నట్టు ఆవిడ వంక చూశాడు.

పాలిషమ్మ గడ్డం కింద కొంగు మడిచి పెట్టబోయి, గుడ్డ అడ్డమైతే వినబడదేమోనని తీసేసి, మళ్లీ బల్ల మీద ఆనించింది.

"రాత్రి కలలో మా నాన్న వచ్చాడు" అని మొదలుపెట్టింది.